యోబు పూసిన కందెన

యోబు ఆ పని తెలిసి చేశాడా, తెలియక చేశాడా? నలభై ఏళ్లు దాటిపోయాయి, నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసే చేశాడని ఒక్కోసారి గట్టిగా అనిపిస్తుంది. అప్పుడు అతని మొహం గుర్తు తెచ్చుకోవాలంటే భయం వేస్తుంది. తెలియక చేశాడని ఇంకోసారి అనిపిస్తుంది. ఆ పూట అన్నం సహించదు.

అప్పట్లో నేను ఆళ్లగడ్డలో బడిపంతుల్ని. నరసింహులు ఇంటి వీధిగదిలో అద్దెకు ఉండేవాణ్ని. వాళ్లది పాత సేద్యపు కుటుంబం. రుద్రవరం దారిలో పొలాలు, ఇంటి వెనక పశువుల కొట్టం. తండ్రి పోయాక పెత్తనం నరసింహులు చేతికి వచ్చింది. అప్పటికి అతనికి ముప్పై కూడా నిండలేదు. ఇంట్లో ఉన్నది అతనూ, తల్లి రామేశ్వరమ్మా.

యోబు ఆ ఇంటి జీతగాడు. నరసింహులు తండ్రి కాలం నుంచి వాళ్ల ఎద్దుల బండి తోలుతున్నవాడు. గడివేముల పక్క ఏదో పల్లెలో పుట్టాడట. కరువులో తండ్రి వెంట నడిచి వచ్చి ఇక్కడ ఆగిపోయాడు. కొట్టాన్ని ఆనుకుని ఒక మట్టిగది ఉండేది. యోబూ, అతని భార్య ఏసమ్మా అందులోనే కాపురం. పిల్లలు లేరు. ఆ గది తప్ప వాళ్లకు తలదాచుకునే చోటు మరొకటి లేదు. ఆదివారం పూట ఉతికిన పంచె కట్టుకుని ఇద్దరూ ఏసు గుడికి పోయేవాళ్లు. గుడిలో పాట ఎత్తుకుంటే యోబు గొంతే అందరికంటే పైన వినిపిస్తుందని ఏసమ్మ చెప్పేది. ఇంటి దగ్గర మాత్రం ఎవరేం చెప్పినా "ఊఁ" అనడం తప్ప అతని నోట రెండో మాట వినడం అరుదు. ఇరుసు ఎండిందో లేదో మంచం మీద పడుకుని చప్పుడును బట్టి చెప్పేవాడు. ఆ ఇంటి బండి వీధిలో పోతుంటే చక్రం కీచుమనడం ఎవరూ ఎరగరు. అది అతని గొప్ప. అంతకుమించి గొప్పలు అతనికి లేవు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది నరసింహులుకు మోటారు సైకిలు మీద మనసు పోయింది. ఒకరోజు పొద్దున నేను అరుగు మీద కూర్చుని చదువుకుంటున్నాను. అతను గడపలో నిలబడి యోబును కేకేశాడు.

"రేయ్ యోబుగా! ఎద్దుల్ని నంద్యాల సంతకు తోలకపో. నేను బస్సుకొస్తా."

"యా ఎద్దుల్ని సామీ?"

"మనకెన్ని జతలుండాయిరా? మైలోన్నీ, పుల్లోన్నీ. మోటారు బండి కొంటాండా."

"మల్ల సేద్యం?"

"ట్రాక్టరు బాడుగకు దొరకదా? భూగోళమంతా నువ్వే దున్నుతాండట్ల మాట్లాడతావే!"

యోబు "కొట్టం సామీ?" అన్నాడు.

"ఎద్దుల్లేకుండా కొట్టమెందుకు? పడగొట్టి బండికి షెడ్డేస్తా." నరసింహులు నవ్వాడు. "ఎద్దుల్ని సాకినావు గదా, దీన్నీ సాకు. బండి నీకు లొంగిందా, ఉంటావు. లొంగలేదా, గదీ లేదు, నువ్వూ లేవు. ముందే చెప్తాండా, మల్ల ఏడవొద్దు."

"ఊఁ" అన్నాడు యోబు.

సంత రోజు నేను కూడా నంద్యాలలోనే ఉన్నాను. గ్రంథాలయంలో పుస్తకాలు మార్చుకుని బస్టాండుకు వస్తుంటే, వెనక సందులో మెకానిక్కు దేవరాజు కొట్టు ముందు యోబు కనిపించాడు. గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో రెండు పలుపులు, రెండు గంటల పట్టెడలు. మా వైపు పశువును అమ్మినవాడు పలుపు ఇవ్వడు. పలుపుతో పాటు ఇంటి కలిసిరావడం పోతుందని నమ్మకం. ఎద్దులు పోయాయి, అవి అతని చేతిలో మిగిలాయి. పక్కన ఎర్రరంగు వెలిసిపోయిన పాత జావా మోటారు సైకిలు స్టాండు మీద నిలబడి ఉంది. ఎవరో సంజామల ఆసామి నడిపి నడిపి వదిలించుకున్న బండి. నరసింహులు దాన్ని బేరమాడి, దేవరాజుకు అప్పజెప్పి, "వీడికి నేర్పు, నేర్చుకునేదాకా అన్నం పెట్టొద్దు" అని చెప్పి మధ్యాహ్నం సినిమా ఆటకు పోయాడట.

దేవరాజు నోరు పెద్దదే కానీ మనిషి చెడ్డవాడు కాదు. "కూకో పెద్దాయనా. ఒకని చేతిలో నుంచి బండి ఇంకొకని చేతికొచ్చిందంటే, ముందటోడు దానికేమీ చెయ్యలేదనే అనుకోవాల. నూనె మార్చినా అంటాడు. అబద్ధం. చైను కడిగినా అంటాడు. పెద్ద అబద్ధం. పుట్టిన బిడ్డకు చేసినట్ల మొదట్నించీ అన్నీ మనమే చేసుకోవాల."

అన్నట్టుగానే మొదలుపెట్టాడు. గేరు పెట్టె కింద మర విప్పితే కాటుకలాంటి నూనె కారింది, అందులో ఇనుప పొడి మెరుస్తూ. ట్యాంకులో కిరసనాయిలు, గులకరాళ్లు పోసి ఇద్దరూ చెరో వైపు పట్టుకుని ఊపారు. ఇటిక రంగు నీళ్లు బయటికొచ్చాయి. ప్లగ్గును ఉప్పు కాగితంతో రుద్దారు. చైను కిరసనాయిల్లో నానేశారు. క్లచ్చు తీగ పైకొసకు కాగితం గొట్టం చుట్టి చుక్కచుక్కగా నూనె దింపారు. యోబు ఒక్క పని కూడా రెండోసారి అడగలేదు. చేతులు వాటంతటవే నేర్చుకుంటున్నట్టు ఉంది. దేవరాజు నా వైపు తిరిగి, "ఈయప్పను నాకిచ్చేయండి సారూ, కొట్టు మీద పేరు కూడా మార్చుకుంటా" అన్నాడు.

ఆఖరున చక్రాలు విప్పారు. నడిమి బేరింగులకు గ్రీజు నిండా పట్టించమన్నాడు. వాటికి బెత్తెడు దూరంలోనే బ్రేకు షూలు ఉంటాయి. వాటి మీద వేలు పెట్టి, "ఇదో, దీనికి మాత్రం చుక్క నూనె తగలనీయొద్దు. తగిలిందా, బండి నిలబడదు. బ్రేకు విప్పినప్పుడల్లా నువ్వే ఎక్కి ఒక చుట్టు తిప్పి చూసి, ఆ తర్వాతే ఇంకొకరికియ్యాల" అన్నాడు.

సరిగ్గా ఆ మాట అంటున్నప్పుడు సంత నుంచి తిరిగొచ్చే పశువుల మంద ఒకటి సందు చివర రోడ్డు మీద పోయింది. యోబు చక్రం ఒళ్లో పెట్టుకునే మెడ తిప్పి అటు చూశాడు. దుమ్ము అణిగేదాకా చూస్తూనే ఉన్నాడు. మళ్లీ ఇటు తిరిగి "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ" దేనికో నేను చెప్పలేను.

తర్వాత మాత్రం ఒక మాటన్నాడు. "నేను ఎక్కకూడదప్పా దాన్ని."

"ఎవరన్నారు?"

"సామి అన్న్యాడు. తుడువు, విప్పు, కట్టు, తొయ్యి. సీటు మీద కూకున్నావా, కాళ్లిరగ్గొడతా అన్న్యాడు."

దేవరాజు చేతిలో స్పానరు నేల మీద పడేసి నవ్వాడు. "వంట చెయ్యొచ్చు, ఉప్పు చూడకూడదు! మీ సామికి మంచి కూడే దొరుకుతాదిలే."

యోబు ఆళ్లగడ్డకు తిరిగొచ్చాక ఆ బండిని ఎద్దును చూసుకున్నట్టే చూసుకున్నాడు. పొద్దున్నే పాత పంచె గుడ్డతో తుడిచేవాడు. ప్లగ్గు విప్పి చూసేవాడు. పెట్రోలులో కలిపే నూనెను సీసాలో కొలిచేవాడు. ఏసమ్మ గుమ్మంలో నిలబడి ఎగతాళి చేసేది.

"మేతేసినావా దానికి?"

"తాగుతాంది. పేడే ఎయ్యదు."

"నాకొక చాకిరీ తప్పించినావులే!"

నరసింహులు ఎగతాళి వేరే రకం. గంటల పట్టెడల్లో ఒకటి తెప్పించి హ్యాండిలుకు కట్టాడు. బయటికి పోవాలంటే కేకేసేవాడు కాదు, గంట ఆడించేవాడు. "ఎద్దు పిలుస్తాందిరా యోబుగా, రా" అనేవాడు. యోబు పరుగున వచ్చేవాడు. కాలితో ఒక్క తన్ను తంతే స్టార్టయ్యే బండిని, యోబు చేత వీధి చివరిదాకా తోయించి స్టార్టు చేసేవాడు. పొగ మొహాన కొట్టి పోతుంటే యోబు మోకాళ్ల మీద చేతులాన్చి రొప్పుతూ నిలబడేవాడు. అరుగుల మీద జనం చూసి నవ్వేవాళ్లు. అంత జరిగినా బండి ఒక్కసారి కూడా దారిలో ఆగిపోలేదు. కొట్టం పడగొట్టే మాట కూడా వెనక్కి పోయింది. గది నిలిచిందనుకున్నారు ఆ ఇద్దరూ.

వానల్లో ఒక సాయంత్రం నరసింహులు రుద్రవరం వైపు నుంచి తడిసి వచ్చాడు. ముందు చక్రం ప్రతి చుట్టుకూ కీచుమంటోంది. వీధిలో అందరి ముందూ బండి కూత పెడుతూ రావడం అతనికి నామర్దా అనిపించినట్టుంది. దిగీ దిగకుండానే తిట్లు అందుకున్నాడు.

"ఏందిరా ఇది? నా కొడకా, పిల్లిని కట్టినావా చక్రానికి? రేపు పెండ్లి చూపులకు పోవాల నేను. పొద్దునకు ఆ సప్పుడు ఇనపడిందా, మూటముల్లె సర్దుకోండి ఇద్దరూ."

"సదురుతా సామీ."

"ఏం సదురుతావు? ఎద్దులు సాకే మొగానివి." అంతటితో ఆగి ఉంటే బాగుండేది. అరుగు మీద కూర్చుని కాళ్లు కడుక్కుంటూ, నవ్వుతూ, "మైలోడు గుర్తుకొస్తాండాడా నీకు? సంతలో వాన్ని కొన్నోడు సేద్యగాడనుకుంటాండావా? కసాయోడురా వాడు. రెండిటినీ ఆ రాత్రికే కోసినాడు. నాకా పొద్దే తెలుసు" అన్నాడు.

యోబు చెంబుతో నీళ్లు పోస్తున్నాడు. పోస్తూనే ఉన్నాడు. చెంబు ఖాళీ అయ్యాక కూడా కాసేపు అలాగే వంచి పట్టుకున్నాడు.

"ఊఁ" అన్నాడు.

దీపాలు పెట్టే వేళకు కొట్టం దగ్గర పొగ లేచింది. నేను కిటికీలో నుంచి చూశాను. యోబు గుప్పెడు వరిగడ్డి కాల్చి, ఆ మసిని చిప్పలో ఆముదంతో కలిపి నూరుతున్నాడు. ఎద్దుల బండి ఇరుసుకు పూసే కందెన అది. రాయలసీమలో పుట్టిన ఎవరికైనా తెలిసిన వాసన. జావా చక్రాలు రెండూ విప్పి గోడకు ఆనించి ఉన్నాయి.

ఏసమ్మ పక్కనే కూర్చుని ఉంది. "కూసేది ముందరి చక్రమే గదా, రెండోదెందుకు విప్పినావు?" అంది.

"ఒకదానికి పూసి ఒకదానికి పూయకుంటే బండి పక్కకు గుంజుతాది" అన్నాడు యోబు.

ఎద్దుల బండికి అది నిజం. ఎప్పుడు పూసినా రెండు చక్రాలకూ పూస్తారు. వేళ్లతో కందెన తీసి, చక్రం నడిమిలో, ఆ చుట్టూరా, మెల్లగా, బిడ్డకు నలుగు పెట్టినట్టు పూశాడు. అతని మొహం నాకు కనిపించలేదు. వీపు కనిపించింది.

తెల్లవారి బండిని వీధిలోకి తోసుకొచ్చాడు. చక్రం నీళ్ల మీద పోయినట్టు పోయింది. చప్పుడన్నది లేదు. నరసింహులు తెల్లచొక్కా వేసుకుని, అత్తరు పూసుకుని వచ్చి, తనే రెండడుగులు తోసి చూసి తల ఊపాడు. "పనికొచ్చినావురా యోబుగా" అన్నాడు. ఆ ఇంట్లో యోబు అందుకున్న మెచ్చుకోలు నాకు తెలిసి అదొక్కటే. యోబు చేతులు పంచెకు తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఏమైనా చెప్పబోయాడా? పెదవులు కదిలినట్టు నాకు గుర్తు. అది నా ఊహ కూడా కావచ్చు. బండి ఊరంతా మెల్లగానే పోయింది. పొద్దున్నే జనం లేరు, బ్రేకుతో పని పడలేదు.

రుద్రవరం దారిలో వాగు దగ్గర రోడ్డు ఒక్కసారిగా కిందికి దిగుతుంది. దిగుడు చివర మలుపులో వేరుశనగ మూటలతో ఒక ఎద్దుల బండి అడ్డంగా ఆగి ఉంది. నరసింహులు కాలి బ్రేకు తొక్కాడు, చేతి బ్రేకు నొక్కాడు. రెండూ వెన్న మీద కత్తిలా జారిపోయాయి. ఎద్దుల బండి ముందుకు పొడుచుకొచ్చిన నొగకు, జావాకు మధ్య అతని కుడికాలు నలిగింది. కర్నూలు తీసుకుపోయారు. మోకాలి కిందికి తీసేశారు.

ఊళ్లోవాళ్లు జావాను ట్రాక్టరు మీద వేసి దేవరాజు దగ్గరికి చేర్చారు. నరసింహులు మేనమామ నలుగురు మనుషుల్ని వెంటబెట్టుకుని, యోబును ముందు నడిపించుకుంటూ అక్కడికి పోయాడు. ఏమవుతుందోనని నేనూ బస్సెక్కాను. దేవరాజు చక్రం విప్పాడు. లోపల నల్లటి జిడ్డు. వేలితో తీసి వాసన చూశాడు. యోబు వైపు చూశాడు. చాలాసేపే చూశాడు.

ఆ తర్వాత పగలబడి నవ్వాడు. "కందెనప్పా! మోటారు బండికి కందెన పూసినాడు! ఎద్దుల బండోడు ఎద్దుల బండి పని చేసినాడు. వీనికేం తెలుస్తాది? వీన్ని కొట్టినా ఒకటే, గొడ్డును కొట్టినా ఒకటే."

మేనమామ మనుషులు కూడా నవ్వారు. చేతికర్రలు కిందికి దిగాయి. యోబు అందరి మధ్యా నిలబడి ఉన్నాడు. దేవరాజు అతని భుజం తట్టి, నవ్వుతూనే, "నవ్వు పెద్దాయనా, నవ్వు" అన్నాడు. యోబు నవ్వాడు. ముందు పళ్లు రెండు లేవని నాకు అప్పుడే తెలిసింది. అంతకుముందు అతను నవ్వగా నేను చూడలేదు.

ఇంట్లో రామేశ్వరమ్మ కూడా అదే తీర్పు చెప్పింది. పోలీసులకు చెప్పాలని ఎవరో అంటే, కళ్లు తుడుచుకుని, "కుట్ర చేసేదానికి తెలివుండాల గదప్పా. వానికి యాడుంది? మా నాయన్ను ఎద్దు కుమ్మితే, ఆయన ఎద్దును పోలీసులకిచ్చినాడా?" అంది. ఆ మాటతో యోబు బతికిపోయాడు. గది కూడా దక్కింది. బుద్ధిలేనివాడిగా ఉన్నంతకాలం ఉండనిస్తారు, అంతే షరతు.

నరసింహులు ఒంటికాలితో తిరిగొచ్చాడు. పెళ్లి సంబంధం తప్పిపోయింది. వడ్రంగి చేత సైకిలు చక్రాలు పెట్టించి ఒక కుర్చీ చేయించుకున్నాడు. దానికి ముందువైపు పట్టుకుని లాగే కొయ్య. "ఎద్దులూ లేవు, బండీ లేదు. నువ్వుండావు. లాగు" అన్నాడు. అప్పటి నుంచి ఆళ్లగడ్డ వీధుల్లో యోబు ఆ కుర్చీని లాగాడు. నరసింహులు అతన్ని యోబు అని పిలవడం మానేశాడు. "మైలోడా, హొయ్" అనేవాడు. నలుగురు చేరిన చోటల్లా ఆపించి, కందెన కథ మొదటి నుంచి చెప్పేవాడు. కథ అయ్యాక యోబు వైపు తిరిగి, "నవ్వరా" అనేవాడు. యోబు నవ్వేవాడు. ఎన్ని ఊళ్లవాళ్లు ఆ నవ్వు చూశారో.

ఒకసారి అరుగు దగ్గర మేమిద్దరమే ఉన్నప్పుడు అడిగాను.

"యోబూ, ఆరోజు నంద్యాలలో దేవరాజు బ్రేకు గురించి చెప్పింది నువ్వు విన్నావా?"

అతను బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. "ఇన్న్యానంటే ఏం చేస్తావు అయ్యోరూ?"

"ఏమీ చెయ్యను."

"ఇనలేదంటే?"

"ఏమీ చెయ్యను."

"మల్ల ఎందుకు?" అన్నాడు. కోపంగా కాదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే. అతను లేచి కుర్చీ చక్రాలు తుడవడానికి పోయాడు.

అట్లా కొన్నేళ్లు గడిచాయి. ఒక ఎండాకాలం పొద్దున బస్టాండు దగ్గర టీ అంగడిలో నేను పేపరు చదువుతున్నాను. యోబు కుర్చీ లాక్కొచ్చాడు. చాగలమర్రి నుంచి వచ్చిన చుట్టాలు ఎవరో నరసింహులును పలకరించారు. కథ మొదలైంది. మసి, ఆముదం, రెండు చక్రాలు. వాళ్లు కడుపు పట్టుకుని నవ్వుతున్నారు.

"వీడేరా ఆ మెకానిక్కు. నవ్వరా మైలోడా."

యోబు నవ్వలేదు.

"నవ్వరా అంటే!"

యోబు అతని మొహం వైపు చూశాడు. కోపమేమీ లేదు ఆ చూపులో. దూరాన ఎవరో నడిచిపోతుంటే చూసినట్టు చూశాడు. "చెవుడొచ్చింది దీనికి. ముసిలిదైపోయింది" అని నరసింహులు చుట్టాల వైపు తిరిగి కథ కొనసాగించాడు.

అక్కడ నేల బస్సులు నిలిచే వైపుకు వాలుగా ఉంటుంది. యోబు వంగి ఒక రాయి వెతికి కుర్చీ కుడి చక్రం కింద పెట్టాడు. ఇంకో రాయి తెచ్చి ఎడమ చక్రం కింద పెట్టాడు. రెండూ కాలితో తన్ని, కదలడం లేదని చూసుకున్నాడు. తర్వాత కొయ్యను మెల్లగా నేల మీద ఆనించి వదిలేశాడు.

నంద్యాల బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కిటికీ పక్కన ఏసమ్మ మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉండటం అప్పుడు చూశాను. యోబు నా బెంచీ ముందు నుంచే నడిచాడు. నేను పేపరు దించాను. నన్ను చూశాడనే అనుకుంటాను. ఆగలేదు, పలకరించలేదు. వెనక మెట్టెక్కి లోపలికి పోయాడు.

కండక్టరు తలుపు కొట్టాడు. బస్సు మలుపు తిరిగి నంద్యాల రోడ్డు ఎక్కింది. నరసింహులు ఇంకా కథ చెబుతూనే ఉన్నాడు.